అంచు దగ్గర ఆగిన రంగు

ఒకే గడ్డకి రెండు కాగితాలు. రెండింటి కిందా సంతకాలున్నాయి. రెండూ ఒకదాన్నొకటి అబద్ధమంటున్నాయి.

శనివారం ఉదయం పదీ పదికి ఆ రెంటినీ నా ముందు బల్ల మీద పరిచింది లిఫ్టు మెకానిక్కు భార్య. ఆసుపత్రి మూడో అంతస్తులో, ల్యాబు బయటి గదిలో కూర్చున్నాం. ఆమెకి జిరాక్సు షాపు ఉంది. అందుకని ప్రతి కాగితానికీ మూడేసి కాపీలు, ప్రతి కాపీ మూలలో పెన్సిలుతో తేదీ, టైము. పాతికేళ్లు బట్టల టోకు వ్యాపారం చేసి, తొమ్మిదేళ్లుగా ఇలా మనుషుల చిక్కులు విప్పుతున్నాను. ఇంత శుభ్రంగా సరుకు పరిచిన మనిషిని చూడలేదు.

"అన్నయ్యగారూ, ఇందులో రాసింది నాకు సగం అర్థం కాదు. కాపీ తీయడం వచ్చు," అంది. "ఇది అవునంటోంది, ఇది కాదంటోంది. మా ఆయన కడుపులో ఉన్న గడ్డ ఒకటే కదా?"

విషయం ఇది. గడ్డ పొట్ట గోడలో పెరిగింది. ఆ గోడలో కండరం ఉంటుంది. కండరం ఎప్పుడు కదలాలో చెప్పే కణాలు వేరే రకం. అవి ఆ పొరల మధ్యే సర్దుకుని ఉంటాయి. గడ్డ ఈ రెంటిలో దేన్నుంచి పుట్టినా మైక్రోస్కోపు కింద ఒకలాగే కనబడుతుంది: కదురులాంటి కణాలు, కట్టలు కట్టలుగా. ఏది ఏదో తేల్చాలంటే రంగు వేసి చూడాలి. కదలిక చెప్పే కణాల మీద ఒక గుర్తు ఉంటుంది. ల్యాబులో దాన్ని నూట పదిహేడు అంటారు. దానికి అతుక్కునే మందు వేస్తే ఆ కణాలు గోధుమరంగుకి తిరుగుతాయి. కండరం తిరగదు. తిరిగితే రోగికి రోజూ ఒక మాత్ర, అది ఏళ్ల తరబడి మనిషిని నిలబెట్టగలదు. తిరగకపోతే ఆ మాత్ర దండగ.

నాలుగు నెలల కిందట ఒక చిన్న ల్యాబు, నోట్లోంచి గొట్టం వేసి తీసిన గింజంత ముక్కని చూసి, రంగు తిరిగిందని రాసింది. ఏడు వారాల కిందట ఈ ఆసుపత్రిలో గడ్డ మొత్తం కోసి తీశాక, ఇక్కడి ల్యాబు తిరగలేదని రాసింది. కండరపు గుర్తు కోసం విడిగా చేసిన పరీక్షలో కొద్దిగా రంగు వచ్చింది కనక కండరపు గడ్డ అని తేల్చింది. పోయిన వారం స్కానులో కాలేయం మీద రెండు మచ్చలు కనబడ్డాయి. ఇవాళ సాయంత్రం అయిదింటికి డాక్టర్లంతా కూర్చుని ఏ మందో నిర్ణయిస్తారు. వాళ్ల చేతిలో ఉండేది ఈ ఆసుపత్రి కాగితమే. దాని ప్రకారం సోమవారం నుంచి సెలైనులో మందు ఎక్కిస్తారు. కాగితం తప్పయితే ఆ మందు గడ్డ మీద పనిచేయదు, మనిషి మీద మాత్రం పనిచేస్తుంది. చిన్న ల్యాబులో మళ్లీ చూపిద్దామంటే ఆ గింజంత ముక్క పరీక్షలకే అయిపోయింది.

నా చేతిలో ఉన్నది ఆరు గంటల యాభై నిమిషాలు. చాలనిపించింది. అంతకన్నా తక్కువ టైములో ఇంతకన్నా పెద్ద బేళ్లు విప్పాను.

నన్ను లోపలికి రానిచ్చింది ల్యాబు పెద్ద డాక్టరమ్మ. రెండో కాగితం మీద సంతకం ఆమెదే. యాభై దాటిన మనిషి, కుడి బొటనవేలి గోరు ల్యాబు రంగు పట్టి నీలంగా ఉంది. ముప్పై ఏళ్లుగా అది అలాగే ఉందిట. తన సంతకం తప్పయితే ఆ సంగతి ముందు తనకే తెలియాలి అంది. నా సరుకులో లోపముందేమో చూడండి అని కొట్టు తలుపు తీసే మనిషి అరుదు. అనుమానితుల జాబితాలో ఆమె పేరు సగం కొట్టేశాను. సగమే.

లోపల అప్పటికే ఒకడున్నాడు. నా దగ్గర ఆరేళ్లు గుమాస్తాగా చేసి, పని నేర్చుకుని, నా ఎదురు వీధిలోనే బోర్డు పెట్టినవాడు. నడి ఎండలో కూడా కోటు విప్పడు కనక అందరూ కోటు అనే పిలుస్తారు. ఆసుపత్రి మేనేజరు తన తరఫున విచారణకి అతన్ని పెట్టుకున్నాడు. కోటు ముందు ఒక టెక్నీషియన్ అమ్మాయి కూర్చుంది. ఆమె ముందు టైపు చేసిన కాగితం ఉంది, దాని మీద మూత తీసిన పెన్ను ఉంది. ఆ అమ్మాయి చేతులకి ఇంకా గ్లౌజులున్నాయి. పెన్ను ముట్టుకోలేదు. అది నాకు నచ్చింది.

"ఆలస్యంగా వచ్చారు గురువుగారూ," అన్నాడు కోటు. "బేరం కుదిరిపోయింది. ఇంక మూట కట్టడమే మిగిలింది."

"ముడి వేసేముందు ఒకసారి లోపల ఏముందో చూపించు నాయనా."

చూపించాడు. గడ్డలోంచి తీసిన ముక్కని మైనంలో పోసి దిమ్మ కడతారు. దాన్ని వీళ్లు బ్లాకు అంటారు. లిఫ్టు మెకానిక్కు బ్లాకు నంబరు 4417. రిజిస్టరులో ఆ వరుసలో ముందు 4471 అని రాసి దిద్దారు. ఆరు వారాల కిందట రంగు వేసిన మంగళవారం నాడు ఈ అమ్మాయి పన్నెండూ ఇరవై నుంచి ఒంటిగంటా పది దాకా గదిలో లేదు. కాబట్టి రెండు బ్లాకులు తారుమారయ్యాయి, చేసింది ఈ అమ్మాయి. నా అజాగ్రత్త వల్ల జరిగింది అని ఆమె సంతకం పెడుతుంది. పన్నెండింటికి 4417ని కవరులో పెట్టి సీలు వేస్తాడు. విచారణ ముగిసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. సీలు పడితే మళ్లీ పరీక్ష చేయడానికి ముక్క ఉండదు. అయిదింటి సమావేశానికి పాత కాగితమే వెళుతుంది. అతని కేసు గట్టిపడేకొద్దీ నా మెకానిక్కు ప్రాణం సన్నబడుతోంది.

ఆ అమ్మాయిని గంటలూ నిమిషాలూ అడిగాను. రిజిస్టరులో తను రాసుకున్నది చూస్తూ తడుముకోకుండా చెప్పింది. ఎనిమిదీ నలభైకి బ్లాకు కోసింది. తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా స్లైడ్లు పొయ్యిలో ఉన్నాయి. పదకొండూ అయిదుకి రంగు మెషీనులో పెట్టి మూత వేసింది. ఒంటిగంటా యాభైకి మెషీను ఆగింది. మధ్యలో మూత తెరిస్తే మెషీను ఆ నిమిషాన్ని చీటీ మీద అచ్చు వేస్తుంది. చీటీ తెప్పించి చూశాను. తెరవలేదు.

"అంటే నువ్వు గదిలో లేని యాభై నిమిషాలూ స్లైడ్లు తాళంలో ఉన్నాయి."

"అవును సార్. అన్నానికి వెళ్లాను. గదిలో ఉన్నా చేసేదేం లేదు, దాన్ని చూస్తూ కూర్చోవడమే."

రిజిస్టరులో దిద్దిన చోటు చూశాను. పక్కనే ఆమె పొట్టి సంతకం, టైము 8.42. మోసం చేసేవాడు తన దిద్దుబాటుకి తనే సాక్ష్యం రాసి పెట్టుకోడు. ఆ మాట కోటుకి చెప్పాను. అతను వినలేదు. అమ్మాయి వైపు తిరిగి, మూడు నెలల స్లైడ్ల లిస్టు ఇంకా నా బల్ల మీదకి రాలేదే అన్నాడు. తొమ్మిదీ నలభై అయిదుకే అచ్చు తీసి మీ ఫైలులో పెట్టాను సార్ అందామె. ఒక్క పీస్ ధర అడగడానికి వచ్చినవాడు బేలంతా ఎందుకు కొలుస్తున్నాడు అనిపించింది. అనిపించిన దాన్ని పక్కన పెట్టుకున్నాను.

తరవాత రెండు బ్లాకులూ తెప్పించాను. అగ్గిపెట్టెలో సగం ఉండే ప్లాస్టిక్ గూడు, దాని మీద మైనం, మైనంలో తపాలా బిళ్లంత కండ. ఆ కండ నుంచి వెంట్రుకకన్నా పల్చగా పొర తీసి గాజు స్లైడుకి అంటిస్తారు. గుడ్డ తానులోంచి చింపిన ముక్క ఆ తానుదో కాదో తేల్చడానికి నేనెప్పుడూ చీటీ చూడలేదు. చింపిన అంచుకి అంచు పెట్టి చూస్తాను. 4417 బ్లాకులో కండకి ఎడమ పక్క పిట్ట ముక్కులాంటి నొక్కు, మధ్యలో చిన్న రంధ్రం ఉన్నాయి. మంగళవారం స్లైడులోనూ అదే ముక్కు, అదే రంధ్రం. దీపానికి పట్టి ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చు గుద్దినట్టు కూర్చుంది.

"మరి 4471 ఏమిటి డాక్టరుగారూ?"

"పిత్తాశయం. రాళ్లున్నాయని తీశారు," అంది డాక్టరమ్మ. "అందులో గడ్డే లేదు."

కోటు మొహంలో రంగు మారలేదు. అది నేను నేర్పిందే. "అయితే మరీ మంచిది," అన్నాడు. "మన బ్లాకు సరైనదే, మన రిపోర్టు సరైనదే. తప్పు చిన్న ల్యాబుది. ఏదైనా సరే, పన్నెండింటికి సీలు వేయమని మేనేజరుగారి ఆర్డరు."

టైము పదకొండూ పది.

డాక్టరమ్మ దగ్గర ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు ఉంది. మంగళవారం స్లైడు పెట్టింది. స్లైడు కింది కొసన ఒక చిన్న ముక్క ఉంది, దాన్ని కంట్రోలు అంటారు: తప్పకుండా రంగు తిరుగుతుందని ముందే తెలిసిన మచ్చు. అది చక్కగా గోధుమరంగులో ఉంది. పైన, పేరు రాసే చోటుకి దగ్గరగా, మెకానిక్కు ముక్క. అంతా నీలం. చూశారుగా అంది ఆమె. మందు బాగానే ఉంది, మచ్చుకి పట్టింది, గడ్డకి పట్టలేదు, అందుకే లేదు అని రాశాను.

"మా బజారులో గుడ్డకి రంగు పట్టకపోతే రెండే కారణాలు డాక్టరుగారూ. నూలుకి రంగు పట్టే గుణం లేకపోవాలి, లేదా రంగు నూలు దాకా రాకపోవాలి. ఇది రెంటిలో ఏది?"

"మచ్చుకి పట్టింది కదండీ."

"రంగు మంచిదే. వచ్చిందా అని అడుగుతున్నాను."

గురువుగారు కొట్టు తెరిచేశారు అని కోటు వెనక నుంచి నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు.

"ఈ ముక్కలో," అన్నాను, "గడ్డ ఏదైనా కానీయండి, రంగు వచ్చి ఉంటే పట్టి తీరాల్సింది ఏమైనా ఉందా?"

ఆమె మైక్రోస్కోపు కళ్లద్దం మీంచి తల ఎత్తి నన్ను చూసింది. మళ్లీ వంచింది. "మాస్ట్ కణాలు," అంది నెమ్మదిగా. "ఎవరి పొట్టలోనైనా అక్కడక్కడ ఉంటాయి. వాటి మీదా ఇదే గుర్తు ఉంటుంది. గడ్డతో పని లేదు వాటికి."

వెతికింది. స్లైడుని జానెడు జానెడు కొలిచినట్టు జరుపుతూ వెతికింది. మామూలు గులాబీ రంగు వేసిన జత స్లైడు పెట్టి, ఆ కణాలు ఎక్కడున్నాయో అందులో గుర్తుపట్టి, మళ్లీ ఇందులో అదే చోటుకి వచ్చింది. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. తొమ్మిది నిమిషాలు.

"ఒక్కటీ లేదు," అంది. "ఒక్కదానికీ పట్టలేదు."

"ఇప్పుడు కింది అంచుకి రండి. అక్కడ సన్నగా గోధుమరంగు కనబడింది నాకు."

"అది అంచండీ. అంచుల్లో మందు నిలిచిపోయి ఉత్తినే రంగు వస్తుంది. లెక్కలోకి తీసుకోకూడదని మొదటి నెలలోనే నేర్పుతారు మాకు."

"నిలిచిపోతే నాలుగు అంచుల్లోనూ నిలవాలి. పైన లేదు, పక్కల లేదు. కింద ఒక్కటే ఉంది. ఆగిన చోట గీత గీసినట్టుంది. మనిషి ఒంట్లో గీత గీసినట్టు ఆగేది ఏదైనా ఉందా?"

ఆమె లేచి రంగు మెషీను దగ్గరికి నడిచింది. వెనకాలే మేమంతా.

మూత ఎత్తించాను. స్లైడ్లు పడుకునే గాడి, దాని పక్కన లోహం మీద సన్నటి గీటు. మందు కింది కొస నుంచి ఆ గీటు దాకా పరుచుకుంటుంది. గీటు దాటదు. మంగళవారం స్లైడుని గాడిలో పెట్టాను. కంట్రోలు ముక్క గీటుకి చాలా కింద. మెకానిక్కు ముక్క దాదాపు అంతా గీటుకి పైన. కింది అంచు మాత్రం సన్నటి దారమంత లోపలికి దిగింది. గోధుమరంగు వచ్చింది ఆ దారానికే.

టెక్నీషియన్ అమ్మాయి మొహం తెల్లబోయింది. ఏం జరిగిందో ఆమే చెప్పింది, ఎవరూ అడగక్కర్లేకపోయింది. మూడు నెలల కిందటి దాకా కంట్రోలుకి వేరే స్లైడు ఉండేది, రోగి ముక్కని స్లైడు మధ్యలో అంటించేవాళ్లు. తరవాత స్లైడ్లు ఆదా చేయాలని మేనేజరు చీటీ పంపాడు: రెండూ ఒకే గాజు మీద. కింద కంట్రోలు, పైన రోగి ముక్క. గింజంత ముక్కలకి ఏ ఇబ్బందీ లేదు, చోటు సరిపోతుంది. ఆపరేషనులో తీసిన పెద్ద ముక్కలు పైకి జరిగిపోతాయి. చివర వేసే నీలం రంగు మాత్రం ఆమె చేత్తో తొట్టెలో ముంచి వేస్తుంది కనక స్లైడంతా నిండుగా, అందంగా కనబడుతుంది.

"పైకి పోతోందని చెప్పాను సార్ మేనేజరుగారికి. కంట్రోలు బాగా వస్తోందిగా, ఇంకేం కావాలి అన్నారు."

మరి కండరం పరీక్షలో కొద్దిగా రంగు ఎందుకొచ్చింది అని అడిగాను. దానికి డాక్టరమ్మ జవాబిచ్చింది. ఆ పరీక్షకి విడిగా కంట్రోలు అంటించరు. ముక్కలోని రక్తనాళాల గోడలే మచ్చు. కనక ముక్క మధ్యలోనే ఉంది, మందు అందింది. కండరపు గుర్తు కొద్దిగా కనబడటం ఈ రెండో రకం గడ్డలోనూ మామూలే. నూట పదిహేడు లేదు అనుకున్నాక ఆ కొద్దిపాటి రంగే పెద్ద సాక్ష్యమైపోయింది.

ఇలాంటి తప్పు పని బాగా తెలిసినవాళ్లే చేయగలరు. తెలియనివాడు ఆ గోధుమ అంచుని చూసి ఇదేమిటని అడిగి ఉండేవాడు.

"ఇంకో నాలుగు పొరలు కొయ్యి," అంది డాక్టరమ్మ ఆ అమ్మాయితో. "మధ్యలో అంటించు. కంట్రోలు వేరే గాజు మీద."

బ్లాకు తన కస్టడీలోదని కోటు అడ్డం వచ్చాడు. పన్నెండు కాలేదు, కాలేదు కనక ల్యాబులో ఉన్న ప్రతి దిమ్మా నాదే అంది ఆమె. అప్పుడు పదకొండూ ముప్పై నాలుగు. అమ్మాయి బ్లాకుని కోత మిషనుకి బిగించింది. మిషను చక్రం తిప్పుతుంటే కత్తి మీదనుంచి మైనం పొరలు రిబ్బనులా జారాయి. పదకొండూ నలభై ఆరుకి నాలుగు స్లైడ్లు పొయ్యిలోకి వెళ్లాయి. పన్నెండింటికి కోటు దర్జాగా 4417ని కవరులో పెట్టి లక్క సీలు వేశాడు. వేయనిచ్చాను. తానంతా వాడికి, మచ్చు నాకు.

పొయ్యి పక్కన గోడకి చిన్న తెర ఉంది. ల్యాబులోని ఫ్రిజ్‌లూ పొయ్యిలూ ఎంత వేడిలో ఉన్నాయో వరసగా అందులో కనబడుతుంది. మా స్లైడ్ల పొయ్యి అరవై. అన్నిటికన్నా కింద 'బేస్‌మెంట్ పాతది' అన్న వరస బూడిదరంగులో ఆగి ఉంది. అది ఏడాదిగా ఎవరూ వాడని మైనం పొయ్యి అని అమ్మాయి చెప్పింది. పన్నెండూ ఇరవై అయిదుకి మెషీను మూత పడింది. మూడూ పదికి తెరుచుకుంటుంది.

ఎదురుచూసేటప్పుడు మనుషుల అసలు బరువు తెలుస్తుంది. జిరాక్సు చెల్లెమ్మ బయటి గదిలో ఉంది. భర్త కింద వార్డులో పడుకుని, ఆసుపత్రి లిఫ్టు రెండో అంతస్తులో కుదుపు ఇస్తోందని నర్సుతో గొడవ పడుతున్నాడట. జరిగింది ఆమెకి చెప్పాను. గీటూ, అంచూ అన్నీ వింది.

"మా ఆయన లిఫ్టు ఆగిందంటే ముందు ఏం చూస్తాడో తెలుసా అన్నయ్యగారూ? మోటారు ముట్టుకోడు. తలుపు సరిగ్గా పడిందా లేదా చూస్తాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు తలుపే," అంది. కాపీలు సంచిలో సర్దుకుంటూ, "ఈయన లోపల కూడా తలుపే అయితే బావుండు," అంది.

ఒంటిగంటన్నరకి వరండాలో కోటు నన్ను పట్టుకున్నాడు. గొంతు తగ్గించి బేరం పెట్టాడు. మీ రంగు తిరిగిందనుకోండి, ఆసుపత్రి చప్పుడు చేయకుండా కాగితం మార్చేస్తుంది. మీ మెకానిక్కుకి మాత్ర దొరుకుతుంది. ఆ అమ్మాయి మాత్రం తప్పు తనదని రాసిస్తుంది. మీరు గెలిచినట్టే, నేనూ గెలిచినట్టే.

"ఒక్క సంతకంతో ఇద్దరం బయటపడతాం గురువుగారూ. కాదనడానికి ఏముంది?"

"ఎవరి సంతకం?"

"ఆ అమ్మాయిది."

"అంత మంచి బేరమైతే నీది పెట్టు."

నవ్వాడు. నా దగ్గర ఉన్నప్పుడు కూడా, సరుకు చూడకుండా సంతకం పెట్టకురా అని నేను చెబితే ఇలాగే నవ్వేవాడు. కోటు సర్దుకుని, మేనేజరు పిలిచాడంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఆ తరవాత చాలాసేపు కనబడలేదు.

మూడూ పదికి మూత తెరుచుకుంది. నీలం ముంచి, కడిగి, ఆరబెట్టి, పైన పల్చటి గాజు అంటించేసరికి మూడూ ఇరవై అయిదు. డాక్టరమ్మ స్లైడు పెట్టింది. నేను రెండో కళ్లద్దంలో తల దూర్చాను. అడిగి తెలుసుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా, పిట్ట ముక్కు నొక్కులోనూ, రంధ్రం చుట్టూరా, కట్టలు కట్టలుగా గోధుమరంగు. ఆమె ఇంకా జరుపుతూనే ఉంది. గడ్డ పక్కన మామూలు కండ ఉన్న మూలకి వచ్చి ఆగింది. అక్కడ విడివిడిగా, చల్లినట్టు, చిన్న గోధుమ చుక్కలు.

"ఇవిగోండి మాస్ట్ కణాలు," అంది. "పొద్దున్న నేను వీటిని వెతికి ఉండాల్సింది కాదు. ఆరు వారాల కిందటే వెతికి ఉండాల్సింది."

నాలుగూ అయిదుకి కొత్త రిపోర్టు సంతకం అయింది. గడ్డ పుట్టింది కండరంలో కాదు, కండరానికి కదలిక చెప్పే కణాల్లో. పాత కాగితం చెల్లదు, ఎందుకు చెల్లదో కూడా అందులోనే రాసింది, తన పేరుతో సహా. జిరాక్సు చెల్లెమ్మ ఆఫీసు మెషీను దగ్గరికి వెళ్లి మూడు కాపీలు తీసింది. మధ్యలో కాగితం ఇరుక్కుంటే గుమాస్తాని పక్కకి జరగమని తనే డ్రాయరు లాగి సరిచేసింది. మూల మీద పెన్సిలుతో 4.12 అని వేసింది. ఒకటి అయిదింటి సమావేశానికి, ఒకటి వార్డుకి, ఒకటి ఆమె సంచిలోకి. చెయ్యి నుదుటికి ఆనించుకుని ఒక్క నిమిషం గోడ వైపు తిరిగి నిలబడింది. తరవాత మెట్లు దిగి భర్త దగ్గరికి వెళ్లింది.

మామూలుగా అక్కడితో నా పని అయిపోవాలి. కానీ తానులో ఒక చోట రంగు తప్పితే ఆ రోజు తొట్టెలో దిగిన గుడ్డంతా చూసుకోవాలి.

"అమ్మాయ్, మేనేజరు చీటీ వచ్చాక పెద్ద ముక్కలకి ఇదే పరీక్ష చేసి లేదు అని రాసినవి ఎన్ని?"

కంప్యూటరులో చూసింది. "ఇది కాక తొమ్మిది సార్."

తొమ్మిది మంది. ఎక్కడో తొమ్మిది ఇళ్లలో, అవసరమైన మాత్ర వేసుకోకుండా, కాగితాన్ని నమ్ముకుని ఉన్నారేమో. అందరికీ రంగు తిరగాలనేం లేదు. కానీ ఎవరికి తిరుగుతుందో చెప్పగలిగేవి వాళ్ల బ్లాకులు మాత్రమే. డాక్టరమ్మ వెంటనే బీరువా తెరిపించింది. బ్లాకులు నంబర్ల వరసలో, ఇటుకలు పేర్చినట్టున్నాయి. మధ్యమధ్య పళ్లు ఊడినట్టు ఖాళీలు. లెక్కపెట్టాను. తొమ్మిది.

బీరువా రిజిస్టరులో చివరి వరస: తొమ్మిది బ్లాకులు, భద్రత కోసం, టైము 2.40. కింద కోటు సంతకం.

పొద్దున్న పక్కన పెట్టుకున్నది అప్పుడు తీశాను. ఒక్క బ్లాకు తారుమారైందని నమ్మేవాడికి మూడు నెలల లిస్టు అక్కర్లేదు. లిస్టు అడిగించినవాడికి తప్పు ఒక్క బ్లాకుది కాదని ముందే తెలుసు. తారుమారు కథ అయితే ఒక రోగి, ఒక టెక్నీషియన్‌తో పోతుంది. చీటీ కథ అయితే పదిమంది రోగులు, మేనేజరు సంతకం.

"సార్," అంది అమ్మాయి. గోడ మీది తెర వైపు చూస్తోంది.

అన్నిటికన్నా కింది వరస ఇప్పుడు బూడిదరంగులో లేదు. బేస్‌మెంట్ పాతది: నలభై నాలుగు డిగ్రీలు. చూస్తుండగానే నలభై అయిదు అయింది. టైము నాలుగూ పంతొమ్మిది.

"మైనం ఎంతకి కరుగుతుంది?"

"యాభై ఎనిమిది. గూళ్ల మీద నంబర్లుంటాయి సార్, కండ మీద ఉండదు. కరిగితే ముక్కలన్నీ ఊడి కిందకి జారతాయి. ఎవరిది ఏదో ఇంక చెప్పలేం."

నిమిషానికి ఒక డిగ్రీ. పదమూడు నిమిషాలు. నువ్వు తెర చూసి మెట్ల మీంచి అరిచి చెప్పు అని అమ్మాయికి చెప్పి, డాక్టరమ్మని సెక్యూరిటీకి ఫోను చేయమని, కిందకి దిగాను. మూడు అంతస్తులు, లిఫ్టు కోసం ఆగలేదు. రెండో అంతస్తు దగ్గర కుదుపు ఇస్తుందని రోగి చెప్పాడు, నమ్మాను.

బేస్‌మెంటులో వెలుతురు తక్కువ. చివరి గది ఇనప తలుపు ముందు ఒక మనిషి గొళ్లెం పట్టుకుని ఊపుతున్నాడు. కోటు. నన్ను చూసి వెనక్కి తగ్గలేదు, ముందుకొచ్చాడు. ఆరేళ్లు నా దగ్గర పనిచేసినప్పుడు కూడా ఆ మొహం అంత చిన్నదిగా కనబడలేదు.

తొమ్మిది బ్లాకులున్న పెట్టెని రెండూ నలభై అయిదుకే మేనేజరుకి ఇచ్చేశానన్నాడు. ఇనప్పెట్టెలో పెడతానన్నాడట. రసీదు ఇస్తాను, నాలుగూ పదిహేనుకి కిందకి రా అన్నాడట. వచ్చేసరికి మనిషి లేడు, ఫోను ఎత్తడం లేదు, తలుపుకి తాళం. తలుపు సందులోంచి వేడి మైనం వాసన వస్తోంది. అది నాకూ తెలిసింది.

"లిస్టు కూడా ఆయనే అడగమన్నాడు గురువుగారూ. ఎందుకని నేను అడగలేదు."

"బయటికి తీసినట్టు ఎవరి సంతకం ఉంది?"

"నాది."

"తీసుకున్నట్టు ఆయనది?"

"లేదు." పొద్దున్న ఒక అమ్మాయి ముందు పెన్ను పెట్టి కూర్చున్న మనిషికి, ఆ కాగితం మీద ఇప్పుడు ఎవరి పేరు పడుతుందో అర్థమైపోయింది.

"స్విచ్చి ఎక్కడుంది?"

"లోపలే."

పైన మెట్ల మీంచి ఆ అమ్మాయి గొంతు స్పష్టంగా వినబడింది. "యాభై ఒకటి సార్."

ఏడు నిమిషాలు. తలుపు మీద చెయ్యి వేసి చూశాను. ఇనుము మందమే, కానీ చట్రం పాతది, తాళం వైపు కొయ్య పుచ్చింది. పుచ్చిన కొయ్య ఎంత బరువుకి ఆగుతుందో నాకొక అంచనా ఉంది.

"కోటు విప్పు," అన్నాను. "ఇద్దరి భుజాలూ కావాలి."

ఇన్నేళ్లలో మొదటిసారి, ఎందుకని అడగకుండా విప్పాడు.